పాత ఆటల కోసం చేతి గేమింగ్ పరికరం: హైదరాబాద్‌లో ఉండి ఏది కొనాలి?

ముందు ఒక కాగితం తీసుకోండి. మీరు నిజంగా మళ్లీ ఆడాలనుకుంటున్న ఆటల పేర్లు ఓ పది రాయండి. ప్రాసెసర్ల పేర్లు, యూట్యూబ్ రివ్యూలు, తగ్గింపు ధరలు అన్నీ ఆ తరవాతే. ఈ పని చేయకుండా కొనడానికి బయలుదేరితే అవసరానికి మించిన యంత్రమో, అవసరానికి చాలని యంత్రమో ఇంటికొస్తుంది. రెండూ నెల తిరక్కుండానే అల్మారా ఎక్కేస్తాయి.

మన దగ్గర పెరిగినవాళ్ల జాబితాలు దాదాపు నాలుగు రకాలుగా ఉంటాయి. తొంభైల్లో టీవీకి తగిలించిన వీడియో గేమ్‌లో క్యాసెట్లు మార్చి మార్చి మారియో, కాంట్రా ఆడినవాళ్లవి 8 బిట్ ఆటలు. అప్పట్లో మన ఇళ్లకు వచ్చినవి చాలావరకు నింటెండో ఫ్యామికామ్‌కి నకళ్లు. అసలు ఫ్యామికామ్ 1983లో జపాన్‌లో వచ్చింది. గల్లీలోని పార్లర్‌లో గంటకింతని ఇచ్చి టెక్కెన్ 3 ఆడినవాళ్లది మొదటి ప్లేస్టేషన్ తరం. అది 1994 నాటి యంత్రం. హాస్టల్ గదిలో కంప్యూటర్ మీద ఎమ్యులేటర్ (పాత గేమ్ యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) వేసుకుని పోకెమాన్ ఆడినవాళ్లకు కావలసింది 2001 నాటి నింటెండో చేతి యంత్రం గేమ్‌బాయ్ అడ్వాన్స్. ఇక 2000లో వచ్చిన పీఎస్2 (ప్లేస్టేషన్ 2), 2004లో వచ్చిన పీఎస్‌పీ (చేతిలో పట్టే ప్లేస్టేషన్) కావాలనేవాళ్లది నాలుగో వర్గం.

మొదటి మూడు వర్గాలవాళ్లకు చిన్న, చవక పరికరం నిండుగా సరిపోతుంది. నాలుగో వర్గం దగ్గర ఖర్చు ఒక్కసారిగా మూడు నాలుగు రెట్లవుతుంది. కారణం ఏమిటంటే, ఎమ్యులేటర్ పాత యంత్రంలోని ప్రతి చిప్ చేసే పనినీ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూపించాలి, అదీ ఒకదానితో ఒకటి సమయం తప్పకుండా. పీఎస్2 ప్రాసెసర్ వేగం చూస్తే 294 మెగాహెర్ట్జే. కానీ దాని పక్కన రెండు వెక్టర్ యూనిట్లు, గ్రాఫిక్స్ చిప్, సౌండ్ చిప్ అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. వాటన్నిటి లెక్కా కుదర్చాలంటే 1.5 గిగాహెర్ట్జ్ వేగమున్న నాలుగు కోర్ల చవక ప్రాసెసర్ కూడా చేతులెత్తేస్తుంది. నింటెండో వాళ్ల ఎన్64, సెగా వాళ్ల డ్రీమ్‌కాస్ట్ అనే పాత యంత్రాలు, పీఎస్‌పీ మాత్రం మొదటి మూడు వర్గాలకూ పీఎస్2కీ మధ్యలో ఉంటాయి. కొన్ని ఆటలు హాయిగా నడుస్తాయి, కొన్ని ఈడుస్తాయి. అమ్మేవాళ్లు "పీఎస్‌పీ సపోర్ట్" అని రాసినప్పుడు అర్థం ఇదే.

తెర ఎంత పెద్దదని కాదు, ఏ ఆకారంలో ఉందని చూడండి

నా దృష్టిలో ఎంపికంతా ఇక్కడే తేలుతుంది. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

పాత టీవీలు 4:3 ఆకారంలో ఉండేవి. 8 బిట్ ఆటలు, 16 బిట్ ఆటలు, మొదటి ప్లేస్టేషన్ ఆటలు అన్నీ ఆ ఆకారానికే గీసినవి. గేమ్‌బాయ్ అడ్వాన్స్ తెర 240×160, అంటే 3:2. పీఎస్‌పీ తెర 480×272, అంటే దాదాపు 16:9. ఒక ఆకారపు ఆటను ఇంకో ఆకారపు తెర మీద పెడితే చుట్టూ నల్లపట్టీలు వస్తాయి. లేదంటే బొమ్మ సాగి మారియో పొట్టిగా, లావుగా కనిపిస్తాడు.

లెక్క వేసి చూద్దాం. 4.96 అంగుళాల 16:9 తెర మీద 4:3 ఆట పెడితే బొమ్మ మిగిలేది సుమారు 4 అంగుళాలే. అంటే "ఐదు అంగుళాలు" అని మురిసి కొన్నదానికీ, 4 అంగుళాల 4:3 పరికరానికీ పాత ఆటల విషయంలో తేడా లేదు. పైగా జేబులో పట్టేది రెండోదే. తిరగేసి చూస్తే, 3.5 అంగుళాల 4:3 తెర మీద పీఎస్‌పీ ఆట 3.2 అంగుళాలకు కుదించుకుపోతుంది. అసలు పీఎస్‌పీ తెరే 4.3 అంగుళాలు. అందులోని చిన్న అక్షరాలు అంత చిన్న తెర మీద చదవడం కళ్లకు శిక్షే.

ఇంకో సంగతి, పిక్సెళ్లు. పాత ఆటలోని ఒక చుక్క కొత్త తెర మీద సరిగ్గా రెండు, మూడు, నాలుగు చుక్కలుగా మారితే బొమ్మ పదునుగా ఉంటుంది. రెండున్నర చుక్కలుగా మారాల్సి వస్తే అంచులు అలుక్కుపోతాయి, తెర జరిగేటప్పుడు గీతలు వణుకుతాయి. మొదటి ప్లేస్టేషన్‌లో చాలా ఆటలు 320×240. అవి 640×480 తెర మీద సరిగ్గా రెట్టింపై అతికినట్టు కూర్చుంటాయి. గేమ్‌బాయ్ ఆట 160×144, అదే తెర మీద మూడు రెట్లు చేస్తే 480×432, చుట్టూ కొంచెం ఖాళీ. గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి మాత్రం 640×480 అంత నప్పదు. రెండు రెట్లు చేస్తే బొమ్మ మరీ చిన్నది, తెర వెడల్పంతా నింపితే మసక. పోకెమాన్ కోసమే కొనేవాళ్లు ఆన్‌బెర్నిక్ కంపెనీ ఆర్‌జీ34ఎక్స్‌ఎక్స్ చూడాలి. దాని తెర 720×480, అంటే గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి కచ్చితంగా మూడు రెట్లు. ఒక్క చుక్క వృథా కాదు.

చేతికి ఎలా ఉంటుంది

పాత ఆటలకు ప్రాణం ఎడమ చేతి కిందున్న ప్లస్ గుర్తు బటన్, డీ-ప్యాడ్. కాంట్రాలో మూలగా కాల్చాలన్నా, టెక్కెన్‌లో కాంబో వేయాలన్నా అదే. ఎన్64 నాటి ఆటల నుంచి అనలాగ్ స్టిక్ (బొటనవేలితో ఎటైనా తిప్పే చిన్న పుల్ల) అవసరం మొదలవుతుంది. మీ జాబితాలో ఎన్64, పీఎస్‌పీ, డ్రీమ్‌కాస్ట్ ఉంటే స్టిక్ లేని పరికరం కొనకండి. లేకపోతే స్టిక్ కోసం డబ్బు పెట్టొద్దు.

నిలువుగా ఉండే పరికరాలు జేబులో బాగా ఇముడుతాయి. కానీ వెనక వైపు షోల్డర్ బటన్లు నొక్కడానికి వేళ్లు మడవాలి. పెద్ద చేతులవాళ్లు గంటసేపు టెక్కెన్ ఆడితే మణికట్టు నొప్పి పుడుతుంది. అలాంటివాళ్లకు అడ్డంగా ఉండేవే మేలు.

ఇక్కడ కొనడంలోని మెలికలు

విదేశీ రివ్యూల్లో చెప్పని భాగం ఇదే. చైనాలో తయారయ్యే ఈ పరికరాలను ప్రపంచమంతా కొనుక్కునే అలీఎక్స్‌ప్రెస్ యాప్‌ను మన ప్రభుత్వం 2020 నవంబర్‌లో నిషేధించింది. కాబట్టి మిగిలిన దారులు మూడు.

మొదటిది, తయారీ కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి తెప్పించుకోవడం. అక్కడ కనిపించే డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి అంతే అనుకోకండి. దానిమీద కస్టమ్స్ సుంకం, ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే జీఎస్‌టీ), కొరియర్ కంపెనీ తీసుకునే క్లియరెన్స్ రుసుము పడతాయి. మనదేశంలో వీడియో గేమ్ పరికరాలకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగే అవకాశమూ ఉంది. అలా ఆగిన పార్సిల్ కోసం ఫోన్లు చేసే ఓపిక లేనివాళ్లు ఈ దారి పట్టకపోవడం మంచిది.

రెండోది, ఇప్పటికే దిగుమతి చేసి ఇక్కడ అమ్ముతున్నవాళ్ల దగ్గర కొనడం. ఆన్‌లైన్ అంగళ్లలోనూ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లా అడగొచ్చు. కంపెనీ ధర కంటే ఎక్కువే చెబుతారు. కానీ చేతిలో పట్టుకుని, బటన్లు నొక్కి చూసి కొనే అవకాశానికి ఆ తేడా చెల్లించడం న్యాయమే అంటాను. బిల్లు అడగండి. "వారంటీ" అని నోటితో చెప్పింది కాకుండా ఎన్ని రోజులు, ఎవరు బాధ్యులు అని బిల్లు మీద రాయించుకోండి.

మూడోది, మన ఊళ్లో చాలా కుటుంబాలకు అందుబాటులో ఉన్న దారి. సెలవులకు అమెరికా నుంచో సింగపూర్ నుంచో వచ్చే అక్కకో బావగారికో చెప్పి తెప్పించుకోవడం. బ్యాగేజీలో సుంకం లేకుండా ఎంత విలువ తేవచ్చో ప్రయాణానికి ముందు కస్టమ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోమనండి. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోమనండి. అక్కడి వారంటీ ఇక్కడ పనిచేయదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి.

బాగుచేయించడం గురించి కూడా ఆలోచించాలి. చవక పరికరాల్లో బ్యాటరీ, స్టిక్, బటన్ల కింది రబ్బరు ఇవే ముందు పోతాయి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు విప్పే చేయి తిరిగిన మెకానిక్‌లు బ్యాటరీ మార్చడం, చార్జింగ్ పోర్ట్ టంకం వేయడం సులువుగా చేస్తారు. విడిభాగాలు మాత్రం మీరే తెప్పించుకోవాల్సి రావచ్చు.

ఒక్కొక్కటిగా చూద్దాం

*వెయ్యి లోపు దొరికే "400 ఆటలు" డబ్బా*

కోఠి, బేగంబజార్ బొమ్మల దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో కనిపించే సప్ అనే పరికరం. లోపల ఉన్నది 8 బిట్ నకలు చిప్. బ్యాటరీ మన పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకమే, కాబట్టి పాడైతే ఎక్కడైనా దొరుకుతుంది. 400 ఆటలంటారు గానీ పేరు మార్చిన పునరావృతాలు కనిపిస్తాయి. ఆట సేవ్ చేసుకునే వీలు లేదు, మెమరీ కార్డు లేదు, ఇచ్చిన ఆటలే దిక్కు. ఆరేళ్ల పిల్లవాడికి బొమ్మగా ఇవ్వడానికి పర్వాలేదు. మీ కోసం అయితే వద్దు.

*మీ ఫోన్, దానికి పట్టించే కంట్రోలర్*

ఇది చాలామంది కొట్టిపారేస్తారు, నేను మాత్రం మొదట ఇదే ప్రయత్నించమంటాను. మూడేళ్ల కిందటి మధ్యరకం ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ప్రాసెసర్ బలం చవక హ్యాండ్‌హెల్డ్‌ల కంటే ఎక్కువ. రెట్రోఆర్క్, పీపీఎస్‌ఎస్‌పీపీ లాంటి ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. ఐఫోన్‌కి కూడా 2024 ఏప్రిల్‌లో ఆపిల్ పాత ఆటల ఎమ్యులేటర్లకు దారి తెరిచింది. గేమ్‌సర్, రేజర్ లాంటి కంపెనీలు ఫోన్‌ను మధ్యలో బిగించే కంట్రోలర్లు చేస్తాయి. మనదేశంలో బిల్లుతో, రిటర్న్ సౌకర్యంతో తేలిగ్గా దొరికే చవక మార్గం ఇదే అనుకోవచ్చు.

కొనేముందు చూడాల్సినవి: మీ ఫోన్ కెమెరా ఉబ్బు అడ్డుపడకుండా అందులో కూర్చుంటుందా, ఆడుతూ చార్జ్ చేసుకోవచ్చా, హెడ్‌ఫోన్ రంధ్రం ఉందా.

లోపం ఎక్కడంటే, ఆట మధ్యలో ఆఫీసు మెసేజ్ వస్తుంది, అమ్మ ఫోన్ వస్తుంది, బ్యాటరీ అయిపోతే ఇంటికెళ్లడానికి క్యాబ్ బుక్ చేయలేరు. ఫోన్ నుంచి కాసేపు దూరంగా ఉండాలనే పాత ఆటల వైపు వస్తున్నవాళ్లకు ఇది పరిష్కారం కాదు.

*మియూ మినీ ప్లస్*

162 గ్రాములు. 3.5 అంగుళాల 640×480 తెర. 128 ఎంబీ మెమరీ మాత్రమే, రెండు కోర్ల ప్రాసెసర్. అంకెలు చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ మొదటి ప్లేస్టేషన్ వరకు అన్నీ హాయిగా నడుస్తాయి. అభిమానులు తయారుచేసిన ఆనియన్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ దీనికి అసలు బలం. పవర్ బటన్ నొక్కితే ఆడుతున్న చోటు గుర్తుపెట్టుకుని ఆగిపోతుంది, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలవుతుంది. ఎల్బీనగర్‌లో ఎక్కి అమీర్‌పేట్‌లో దిగి లైను మారి మళ్లీ రాయదుర్గం దాకా వెళ్లేవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం ఎంత విలువైనదో వాడినవాళ్లకే తెలుస్తుంది. స్టిక్ లేదు, టీవీకి తగిలించే వీలు లేదు. మారియో, కాంట్రా, టెక్కెన్ 3, పోకెమాన్ ఇవే మీ జాబితా అయితే ఇంతకు మించి వెతకనక్కర్లేదు.

ఇదే కోవలో ట్రిముయ్ బ్రిక్ ఉంది. తెర 3.2 అంగుళాలే అయినా 1024×768 పిక్సెళ్లు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఆట నాలుగు రెట్లై 960×640గా చాలా పదునుగా కనిపిస్తుంది. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకు ఆ పరిమాణం చిన్నదే.

*ఆన్‌బెర్నిక్ ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్*

అడ్డంగా ఉంటుంది, రెండు స్టిక్‌లు, 180 గ్రాములు, 1 జీబీ మెమరీ, నాలుగు కోర్ల ఆల్‌విన్నర్ హెచ్700 ప్రాసెసర్. మియూ చేసేదంతా చేస్తుంది. నింటెండో డీఎస్ ఆటలు బాగా, ఎన్64, డ్రీమ్‌కాస్ట్, తేలికపాటి పీఎస్‌పీ ఆటలు కొంతవరకు నడుపుతుంది. మినీ హెచ్‌డీఎమ్‌ఐ ఉంది, బ్లూటూత్ ఉంది. సంక్రాంతికి పిల్లలంతా ఒకచోట చేరినప్పుడు టీవీకి తగిలించి, రెండు కంట్రోలర్లు జతచేసి కాంట్రాలో ఇద్దరు కలిసి ఆడొచ్చు. మెమరీ కార్డు అరలు రెండు ఉండటం ఇంకో సౌలభ్యం. సిస్టమ్ ఒకదాంట్లో, ఆటలు ఇంకోదాంట్లో.

ఎవరైనా వివరాలేవీ చెప్పకుండా "ఒకటి చెప్పు" అంటే నేను చెప్పేది ఇదే. ఇదే ప్రాసెసర్‌తో మూత ఉన్నది కావాలంటే ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ ఎస్‌పీ. బ్యాగులో తాళాలతో పాటు పడేసినా తెర గీతలు పడదు. కానీ దానికి స్టిక్‌లు లేవు.

*ట్రిముయ్ స్మార్ట్ ప్రో*

4.96 అంగుళాలు, 1280×720, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. చూడగానే మనసు లాగేస్తుంది. పీఎస్‌పీ ఆకారానికి సరిపోయే తెర దీనిది. దురదృష్టమేమిటంటే బరువైన పీఎస్‌పీ ఆటలను పూర్తి వేగంతో నడిపే శక్తి దీని ప్రాసెసర్‌కి లేదు. 4:3 ఆటలకేమో పక్కల నల్లపట్టీలు. తేలికపాటి పీఎస్‌పీ ఆటలు, పెద్ద చేతులు, ఎక్కువసేపు నిలిచే బ్యాటరీ, ఈ మూడూ మీకు వర్తిస్తేనే దీని వైపు చూడండి.

*రెట్రాయిడ్ పాకెట్ 5*

నాలుగో వర్గానికి మొదటి గట్టి జవాబు. స్నాప్‌డ్రాగన్ 865, 8 జీబీ మెమరీ, 5.5 అంగుళాల 1080పీ అమోలెడ్ తెర, ఆండ్రాయిడ్ 13. 2024లో 219 డాలర్ల ధరతో వచ్చింది. ఇక్కడికి చేరేసరికి అది ఇంకా పెరుగుతుంది. పీఎస్‌పీని మూలానికి నాలుగు రెట్ల పదునుతో చూపిస్తుంది. పీఎస్2, నింటెండో గేమ్‌క్యూబ్ ఆటలు చాలావరకు బాగా నడుస్తాయి. 16:9 తెర కాబట్టి 4:3 ఆటలకు పక్కల ఖాళీ ఉంటుంది గానీ, అమోలెడ్‌లో నలుపంటే వెలుగే లేని నలుపు కాబట్టి ఆ పట్టీలు కంటికి ఆనవు. 4:3 బొమ్మ దీని మీద దాదాపు 4.5 అంగుళాలు వస్తుంది, అది మంచి పరిమాణమే.

దీనికి మీ సమయం కావాలి. ఒక్కో యంత్రానికి ఒక్కో ఎమ్యులేటర్, ఒక్కోదానికి బటన్ల అమరిక, ఒక్కో ఆటకు చిన్న చిన్న సర్దుబాట్లు. ఆ పని ఇష్టంగా చేసేవాళ్లకు ఇది పండగ. ఇష్టం లేనివాళ్లకు వారాంతం మొత్తం సెట్టింగుల్లోనే పోతుంది.

*స్టీమ్ డెక్, రోగ్ ఆలై*

ఇవి చేతిలో పట్టే పూర్తిస్థాయి కంప్యూటర్లు. స్టీమ్ డెక్ ఓలెడ్ 7.4 అంగుళాలు, 1280×800, 640 గ్రాములు. 2023 నవంబర్‌లో 512 జీబీ రకం 549 డాలర్లకు వచ్చింది. దాని తయారీ కంపెనీ వాల్వ్ దాన్ని మనదేశంలో నేరుగా అమ్మడం లేదు, కాబట్టి కొంటే దిగుమతి సరుకే, సర్వీసు మీ తిప్పలే. అసుస్ రోగ్ ఆలై మాత్రం 2023 జులైలో 69,990 రూపాయలకు ఇక్కడే అధికారికంగా విడుదలైంది. విండోస్‌తో నడుస్తుంది, కంపెనీ వారంటీ ఉంటుంది.

కేవలం పాత ఆటల కోసమైతే ఈ రెండూ అనవసరం. మారియో ఆడటానికి 600 గ్రాముల బరువు మోయడం, ఫ్యాన్ చప్పుడు వినడం దేనికి? మీకు స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఇప్పటికే కొన్న పీసీ ఆటలు బోలెడుంటే, ఇంట్లో వేరే గేమింగ్ కంప్యూటర్ లేకపోతే అప్పుడు లెక్క మారుతుంది. అప్పుడు నేను సర్వీసు కోసం ఆలై, వాడకంలో హాయి కోసం డెక్ అంటాను. మీరు ఏది వదులుకోగలరో అది మీ స్వభావాన్ని బట్టి ఉంటుంది.

ఇవి కాక, అసలు గేమ్‌బాయ్ క్యాసెట్లు దాచుకున్నవాళ్ల కోసం అనలాగ్ పాకెట్ ఉంది. దాని 1600×1440 తెర గేమ్‌బాయ్ తెరకు సరిగ్గా పది రెట్లు. క్యాసెట్లు లేనివాళ్లకు ఆ ఖర్చు అక్కర్లేదు.

| పరికరం | తెర | బరువు | బ్యాటరీ | నిశ్చింతగా ఆడగలిగేవి | టీవీకి |
|---|---|---|---|---|---|
| మియూ మినీ ప్లస్ | 3.5 అంగుళాలు, 4:3 | 162 గ్రా. | 3000 ఎంఏహెచ్ | మొదటి ప్లేస్టేషన్ వరకు | లేదు |
| ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్ | 3.5 అంగుళాలు, 4:3 | 180 గ్రా. | 3300 ఎంఏహెచ్ | మొదటి ప్లేస్టేషన్, డీఎస్ | ఉంది |
| ట్రిముయ్ స్మార్ట్ ప్రో | 4.96 అంగుళాలు, 16:9 | 232 గ్రా. | 5000 ఎంఏహెచ్ | మొదటి ప్లేస్టేషన్, తేలిక పీఎస్‌పీ | లేదు |
| రెట్రాయిడ్ పాకెట్ 5 | 5.5 అంగుళాలు, 16:9 | 280 గ్రా. | 5000 ఎంఏహెచ్ | పీఎస్‌పీ, చాలా పీఎస్2 ఆటలు | ఉంది |
| స్టీమ్ డెక్ ఓలెడ్ | 7.4 అంగుళాలు, 16:10 | 640 గ్రా. | 50 వాట్-అవర్ | పీఎస్2, పీసీ ఆటలు | ఉంది |
| రోగ్ ఆలై | 7 అంగుళాలు, 16:9 | 608 గ్రా. | 40 వాట్-అవర్ | పీఎస్2, పీసీ ఆటలు | ఉంది |

ఎంఏహెచ్‌నీ వాట్-అవర్‌నీ నేరుగా పోల్చకండి. చిన్న పరికరాల్లో 3000 ఎంఏహెచ్ అంటే సుమారు 11 వాట్-అవర్. డెక్ బ్యాటరీ దానికి నాలుగు రెట్ల పైనే, కానీ అది తాగే కరెంటు కూడా అలాగే ఉంటుంది.

ఎవరికి ఏది

రోజూ మెట్రోలో వెళ్లేవాళ్లకు మియూ మినీ ప్లస్. నిలబడి ఒక చేత్తో కడ్డీ పట్టుకుంటే ఏ పరికరంలోనూ ఆడలేరు. సీటు దొరికినప్పుడు పదిహేను నిమిషాలు ఆడి ఆపేయడానికి ఇదే తగినది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ వాడండి. బ్లూటూత్‌లో చప్పుడు ఆలస్యంగా వస్తుంది, దూకే ఆటల్లో ఆ తేడా చిరాకు పెడుతుంది.

పిల్లల కోసం కొనే అమ్మానాన్నలకు ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ హెచ్. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్న మాట. ఫోన్ ఆటల్లో ప్రతి రెండు నిమిషాలకు ప్రకటన, ప్రతి మలుపులో "ఇది కొను" అనే బటన్. పాత ఆటల్లో అవేవీ లేవు. వైఫై ఆపేస్తే బయటి ప్రపంచంతో సంబంధమే ఉండదు. పక్కన కూర్చుని మీరూ ఆడొచ్చు. ఏయే ఆటలు ఉంచాలో కార్డులో మీరే ఎంచి పెట్టండి, ఓ ఇరవై చాలు. వేల ఆటలు ఇస్తే పిల్లలు ఏదీ పూర్తి చేయరు. పెద్దలూ అంతే.

పీఎస్2 లేకుండా కుదరదనేవాళ్లు రెట్రాయిడ్ కోసం డబ్బు కూడబెట్టండి. మధ్యలో ఏదో ఒకటి కొని సరిపెట్టుకోవద్దు, అది రెండు కొనుగోళ్లకు దారి తీస్తుంది.

ఇంకా తేల్చుకోలేనివాళ్లు ఇవాళే ఫోన్‌లో రెట్రోఆర్క్ వేసుకుని, ఇంట్లో ఉన్న ఏదైనా బ్లూటూత్ కంట్రోలర్‌తో ఒక నెల ఆడండి. ఆ నెలలో ఏ ఆట దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లారో చూడండి. మొదట్లో రాసిన కాగితం కంటే ఆ జాబితా నిజమైనది.

గేమ్ ఫైళ్ల సంగతి

ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు. ఆటలకు మాత్రం కాపీరైట్ ఉంది. అమ్మేవాళ్లు వేల ఆటలు నింపి ఇచ్చే కార్డుల్లో ఉన్నవి చాలావరకు అనుమతి లేని ప్రతులు. మన 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 52, చట్టబద్ధంగా సొంతమైన ప్రోగ్రామ్‌కు పాడవకుండా రక్షణగా బ్యాకప్ తీసుకోవడానికి అవకాశమిస్తుంది. ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టింది దించుకోవడానికి కాదు. న్యాయమైన దారులు చాలానే ఉన్నాయి. గేమ్‌బాయ్ కోసం ఈ రోజుల్లోనూ కొత్తగా ఆటలు రాసి ఇచ్‌.ఐఓ అనే వెబ్‌సైట్‌లో పెడుతున్న సృష్టికర్తలున్నారు, కొన్ని ఉచితం కూడా. పోర్ట్‌మాస్టర్ అనే ఉపకరణంతో మీరు కొన్న కొన్ని పీసీ ఆటలను ఈ చిన్న పరికరాల్లో కొన్నింటిలో ఆడొచ్చు.

కొన్న మొదటి వారం

పరికరంతో వచ్చిన పేరులేని మెమరీ కార్డును నమ్మవద్దు. ఎక్కువగా పాడయ్యేది అదే, అది పోతే మీ సేవ్‌లన్నీ పోతాయి. మంచి కంపెనీ కార్డు బిల్లుతో కొని, పాత కార్డులోని వ్యవస్థను కొత్తదానిలోకి మార్చుకోండి. గుజరాతీ గల్లీలో మరీ చవకగా చెబితే ఆగి ఆలోచించండి. 128 జీబీ అని రాసి లోపల 8 జీబీ ఉండే నకిలీలు తిరుగుతుంటాయి. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు నిండా రాసి చదివి చూస్తే నిజం తేలిపోతుంది.

చార్జింగ్‌కి మామూలు 5 వోల్టుల చార్జర్ వాడండి. చవక పరికరాల్లో కొన్ని రెండు వైపులా సీ పోర్ట్ ఉన్న తీగతో చార్జ్ కావు, పాత యూఎస్‌బీ నుంచి సీకి వెళ్లే తీగే కావాలి. ఫోన్ ఫాస్ట్ చార్జర్లు వీటికి మంచివి కావు. మే నెల ఎండలో పార్కింగ్‌లో ఉన్న బండి డిక్కీలో వదిలేయకండి, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది.

రిటర్న్ గడువు లోపలే ఇవి చూసుకోండి: తెరంతా తెలుపు, తెరంతా నలుపు చిత్రాలు పెట్టి వెలగని చుక్కలున్నాయేమో, డీ-ప్యాడ్ మూలలు ఎనిమిది దిక్కులా పడుతున్నాయా, స్టిక్ వదిలేస్తే బొమ్మ దానంతటదే కదులుతోందా, స్పీకర్‌లో, హెడ్‌ఫోన్‌లో రెండింటా శబ్దం గరగరలాడకుండా వస్తోందా, నిండుగా చార్జ్ చేసి ఒకే ఆట ఆడుతూ పోతే బ్యాటరీ ఎన్ని గంటలొచ్చింది. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వీడియో తీసి, బిల్లుతో సహా ఆ రోజే అమ్మినవాళ్లకు పంపండి.